మా వదిన మూడో వారాలు

మా వదిన పోయింది. మామిడికాయ ఇంకా పిందె మీద ఉన్న రోజుల్లో, ఒక గురువారం ఉదయం అన్నయ్య ఫోన్ చేసి "ఒకసారి ఇంటికి రామ్మా" అన్నాడు. మా అన్నయ్య నన్నెప్పుడూ 'రామ్మా' అనడు, 'రావే' అంటాడు. ఆ ఒక్క 'మ్మా'తో నాకు సంగతి తెలిసిపోయింది. తిరువూరులో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులు. చెప్పులు వేసుకోకుండానే వెళ్ళానని, సాయంత్రం కాళ్ళు మండుతుంటే గానీ నాకు తెలియలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు "మన సహోదరి కేన్సరుతో గొప్ప పోరాటం చేసింది" అన్నారు. ఆయన చాలా మంచివారు, కానీ ఆ మాట నాకు నచ్చలేదు. మా వదినకి పోరాటం చేతకాదు. చేతనైతే ముందు నాతోనే చేసేది, నా పెత్తనం అలాంటిది. ఆవిడ చేసిందల్లా తిరగడం. చుట్టాల ఇళ్ళకి, స్నేహితుల ఇళ్ళకి, ఒకసారి సముద్రానికి. చేతికి సూదులు గుచ్చించుకుంటూ ఆ మనిషి తిరిగినంత తిరుగుడు, అన్నీ బాగున్న మేమెవరమూ తిరగలేదు. అది రాసి పెట్టాలని కూర్చున్నాను.

వదిన ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం. ఇక అన్నయ్యకి ఒక్కగానొక్క చెల్లెల్ని నేను. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత ఉంది కదా, వదిన దాన్ని సామెతగా వదిలెయ్యకుండా నాకు పేరుగా పెట్టేసింది. నేను గేటు దగ్గర కనబడగానే "ఏం అర్ధమొగుడూ, కాఫీ తాగుతావా?" అని లోపల్నుంచే కేకేసేది. ఎదురింటివాళ్ళు మొదట్లో తెల్లబోయి చూశారు. తర్వాత వాళ్ళ పిల్లలు కూడా నన్ను అర్ధమొగుడాంటీ అనడం మొదలుపెట్టారు.

అన్నయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేశాడు. ఒకరింట్లో మంచినీళ్ళు తాగాలన్నా మొహమాటపడే మనిషి. పెళ్ళికి వెళ్తే కవరు చేతిలో పెట్టి, భోజనాలకి పిలిచేలోపు బస్సెక్కేస్తాడు. ఊళ్ళో ఆయనకి నమస్కారం పెట్టనివాళ్ళు లేరు, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవాళ్ళూ లేరు. లోకంతో మాట్లాడాల్సినవన్నీ వదినే మాట్లాడి, ఇంటికొచ్చి ఆయనకి చెప్పేది. ఆయన "ఊఁ" అనేవాడు. వాళ్ళ కాపురం ముప్పై ఏళ్ళు అలా హాయిగా గడిచింది.

రెండేళ్ళ కిందట వదినకి రొమ్ములో గడ్డ బయటపడింది. విజయవాడలో ఆపరేషన్ చేశారు. తర్వాత మూడు వారాలకొకసారి కీమో అన్నారు. అప్పుడు మొదలైంది పరామర్శల తాకిడి. మన వైపు పరామర్శకి ఒక పద్ధతి ఉంది. బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు యాపిల్స్ పట్టుకొస్తారు. గుమ్మంలోనే గొంతు తగ్గిస్తారు. మంచం పక్కన కూర్చుని "మా మేనమామ తోడల్లుడికీ ఇదే వచ్చింది" అని మొదలుపెట్టి, ఆ తోడల్లుడు పోయిన సంగతి మధ్యలో గుర్తొచ్చి, నాలిక్కరుచుకుని, యాపిల్ కోసి పెట్టమని నాకు చెబుతారు. వాళ్ళు వెళ్ళేసరికి వదిన మొహం వాడిపోయి ఉండేది. మా రెండిళ్ళల్లోనూ నెల రోజులు పొద్దునా సాయంత్రం బ్రెడ్డే టిఫిన్.

ఒకరోజు అలా ఎవరో వచ్చి వెళ్ళాక వదిన అంది. "వీళ్ళు నన్ను చూడ్డానికి రావట్లేదే. కడసారి చూపు ముందుగానే చూసేసుకుంటున్నారు. రేపు నిజంగా పోయినప్పుడు ఒక్కళ్ళూ సెలవు పెట్టరు, చూస్తూ ఉండు."

తర్వాతి కీమోకి నేనూ విజయవాడ వెళ్ళాను. డాక్టరుగారు వివరంగా చెప్పాడు. మందు ఎక్కించిన మొదటి వారం నీరసంగా ఉంటుంది. రెండో వారం రక్తంలో కణాలు తగ్గుతాయి, జనంలోకి వెళ్ళకూడదు. మూడో వారానికి మనిషి తేరుకుంటుంది, మళ్ళీ మందు ఎక్కిస్తారు. వదిన అంతా శ్రద్ధగా విని, "అయితే మూడో వారం నాదేగా డాక్టరుగారూ? ఊళ్ళకి వెళ్ళొచ్చా?" అని అడిగింది.

"ఏ ఊరండీ?"

"అన్నం పెట్టే ఏ ఊరైనా."

ఆయన నవ్వేశాడు. మాస్కు పెట్టుకోమని, వేడివేడిగా వండిందే తినమని, జ్వరం తగిలితే ఆ క్షణమే ఫోన్ చెయ్యమని చెప్పి, వెళ్ళి రమ్మన్నాడు.

ఇంటికి రాగానే వదిన ఫోన్ పట్టుకుని కూర్చుంది. అందరికీ ఒకటే మాట. "పరామర్శకి మీరు రావద్దు. నేనే వస్తాను. ఆ బ్రెడ్డు కొనే బదులు కూర వండండి. మా ఆయన కూడా వస్తారు." ఆ చివరి మాటకి అన్నయ్య పేపరు దించి చూశాడు. తను ఎక్కడికీ రానన్నాడు. ఒంట్లో బాగోని మనిషిని ఊళ్ళు తిప్పుతున్నాడని జనం తననే అంటారన్నాడు. నేనూ అన్నయ్య వైపే మాట్లాడాను. ఇంటిపట్టున ఉండక ఈ ఊరేగింపేంటి వదినా అన్నాను.

వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. చిక్కుడుకాయలు నా ముందు పోసి, తనూ ఈనెలు తీస్తూ మెల్లగా చెప్పింది. "నేను పోతే నీకు నీ ఇల్లుంది. అమ్మాయికి దాని ఉద్యోగం, పిల్లలు ఉన్నారు. మీ అన్నయ్యకి ఏముంది చెప్పు? ఏ గుమ్మం ఎక్కాలో కూడా తెలీదు. తలుపేసుకుని కూర్చుంటాడు, అంతే. నేనుండగానే ఆయనకి నాలుగు గుమ్మాలు అలవాటు చేసి పోతాను. నువ్వు అడ్డం రాకు."

కూరలో ఏం వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. నేను ఈనెలు పారేసే గిన్నెలో కాయలు, కాయల గిన్నెలో ఈనెలు వేస్తున్నానని కాసేపటికి ఆవిడే చూసి సరిచేసింది. ఆ రోజు నుంచి నేను ఆవిడ వైపు.

మొదటి ప్రయాణం పెనుగొలను, మా పెద్దమ్మ ఇంటికి. పెద్దమ్మకి ఎనభై దాటాయి, చెవి కొంచెం మందం. మేం ఆటో దిగేసరికి ఇల్లంతా మసాలా ఘుమఘుమ. కంచాల ముందు కూర్చోబెట్టి పెద్ద గిన్నె నిండా వేటమాంసం కీమా తెచ్చి పెట్టింది. ఇంత ఎందుకు చేశావు పెద్దమ్మా అంటే, నా వంక కోపంగా చూసింది.

"డాక్టరు మూడు వారాలకోసారి కీమా ఇస్తన్నాడంటగా? అది తింటేనే తగ్గుద్దంటగా? మూడు వారాలకోసారి తింటే ఏం బలం వత్తది ఆ పిల్లకి? బెజవాడ దాకా పోయి ఆస్పత్రి కూడు తినాలా, నేను చచ్చానా?"

ముందుగా నవ్వింది వదినే. నవ్వి నవ్వి మాస్కు తీసేసి కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టి నేను విడమరిచి చెప్పబోతుంటే నన్ను ఆపింది. "నిజమేనండీ పెద్దత్తయ్యా, అక్కడ ఉప్పూ కారం ఉండదు. ఇక మీ చేతి కీమాయే తింటాను" అని చెయ్యి చాచింది. అప్పటికి చాలా రోజులుగా ఏం తిన్నా నోట్లో ఇనుము నాకినట్టుందనేది. ఆ రోజు రెండుసార్లు అడిగి వడ్డించుకుంది. తల దించుకుని కూర్చున్న అన్నయ్య కంచంలో పెద్దమ్మ గరిటెతో మాటామంతీ లేకుండా కుమ్మరించింది. వద్దనడానికి ఆవిడకి వినపడదు కదా. అన్నయ్య తిన్నాడు. నాకు ఊహ తెలిశాక ఆయన పరాయింట్లో కడుపు నిండా తినడం నేను చూడడం అదే మొదటిసారి.

మరుసటి నెల నుంచి మా ఇంట్లో కీమో అన్న మాటే పోయింది. "రేపు కీమాకి వెళ్ళాలి, బ్యాగు సర్దండి" అనేది వదిన.

పెనుగొలను నుంచి వచ్చిన సాయంత్రం అన్నయ్య కళ్ళజోడు పెట్టె కనబడలేదు. పెద్దమ్మ ఇంట్లో మర్చిపోయామని తేలింది. వదిన నీరసంగా ఉందని పడుకుంది, నేను పనుందన్నాను, అన్నయ్యే మర్నాడు వెళ్ళి తెచ్చుకున్నాడు. తెచ్చుకోవడానికి వెళ్ళినవాడు మధ్యాహ్నం దాకా రాలేదు. పెద్దమ్మ అన్నం తినకుండా పంపలేదట. ఆ తర్వాత విస్సన్నపేటలో గొడుగు, వినగడపలో కండువా. ఏ ఊరు వెళ్ళినా ఆయనదే ఏదో ఒకటి అక్కడ ఉండిపోయేది. మా వదిన పిల్లల పలకలు బళ్ళో మర్చిపోకుండా ఇళ్ళకి పంపిన టీచరు. ఆవిడ పక్కనుండగా ఇన్ని మర్చిపోవడమేమిటని నాకు రెండోసారే అనుమానం వచ్చింది. అడిగితే, "చుట్టాలింట్లో వస్తువు మర్చిపోతే మళ్ళీ వెళ్తామని అర్థం. పెద్దవాళ్ళు ఊరికే అనలేదు" అని కన్ను గీటింది.

విస్సన్నపేటలో ఉండేది ఆవిడ స్నేహితురాలు, సైన్సు టీచరమ్మ. ఒకే స్కూల్లో ఒకే స్టీలు క్యారేజీలో ఏళ్ళ తరబడి కలిసి తిన్నవాళ్ళు. అక్కడికి వెళ్ళే బస్సులోనే ఆ సంగతి జరిగింది. వదినకి అప్పటికి జుట్టు పూర్తిగా ఊడిపోయింది. కొంగు జారి గుండు కనబడితే, పక్క సీటావిడ చేతులు జోడించి, "ఎప్పుడొచ్చారండీ తిరుపతి నుంచి? దర్శనం బాగా జరిగిందా?" అని అడిగింది. మేం పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చర్చికి వెళ్ళేవాళ్ళం. నేను అన్నయ్య వంక చూశాను. వదిన మాత్రం తడుముకోలేదు.

"గుండయితే అయిందండీ. దర్శనమే ఇంకా కాలేదు. క్యూలో ఉన్నాను."

"ఈసారి జనం ఎక్కువా అండీ?"

"చాలా ఎక్కువండీ. నాకేం తొందర లేదు."

ఆవిడ ప్రసాదం కొంచెమైనా లేదా అని అడిగితే, వదిన సంచీలోంచి సైన్సు టీచరమ్మ కోసం తీసుకెళ్తున్న సున్నుండ ఒకటి తీసి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళకద్దుకుని తింది. కిటికీ వైపు తిరిగిన అన్నయ్య భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వు ఆపుకుంటున్నాడు.

విస్సన్నపేటలో సైన్సు టీచరమ్మకి పేపర్లో గళ్ళ నుడికట్టు పూర్తి చేసే పిచ్చి. ఒక గడి దగ్గర ఆగిపోయి అన్నయ్యని అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ కాదంది. ఆయన ఔనన్నాడు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. మా అన్నయ్య ఒకరితో వాదించడం! వదిన తలుపుకి ఆనుకుని చూస్తూ, నా చెయ్యి పట్టుకుని, "రెండో గుమ్మం అయిందే" అంది.

ఇలా రాస్తుంటే మొదటి వారాలు లేవనుకునేరు. ఉండేవి. చల్లగా ఉంటుందని వట్టి గచ్చు మీద పడుకుని, మాట్లాడించవద్దని చేత్తో సైగ చేసేది. గోళ్ళు నల్లబడ్డాయి. వంటింట్లో పోపు వాసన వస్తే వాంతి. నేను కాళ్ళు పడుతుంటే ఒకసారి, "భయమేస్తోందే" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నాకూ భయమే. ఆ మాట ఆవిడకి చెప్పాను కూడా. ఇద్దరం భయపడుతున్నామని ఒప్పుకున్నాక ఎందుకో కొంచెం తేలికైంది. కాసేపటికి, "మూడో వారం వినగడపలో తమ్ముడి తోటకి పోదాం" అంది.

వినగడపలో వదిన తమ్ముడికి మామిడి తోట ఉంది. అతను సరదా మనిషి, బావగారిని ఆట పట్టించడం అతని హక్కు. అన్నయ్యని మంచం మీద కూర్చోనివ్వకుండా తోటంతా తిప్పి, ప్రతి చెట్టుకీ లెక్క అడిగేవాడు. "ఈ చెట్టుకి ఎన్ని కాయలు పట్టినియ్యో చెప్పండి బావగారూ, మాస్టారు కదా." అన్నయ్య మొదట్లో ముభావంగా ఉండేవాడు. నాలుగోసారి వెళ్ళినప్పుడు, "ముందు నువ్వు ఎక్కి లెక్కపెట్టు, తప్పైతే గోడకుర్చీ వేయిస్తా" అన్నాడు. బామ్మర్ది ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు.

ఒక మూడో వారం మంగినపూడి బీచికి వెళ్ళాం. వదిన, అన్నయ్య, నేను, ఖమ్మం నుంచి వచ్చిన కూతురు, సైన్సు టీచరమ్మ. ఒక్కపూట ప్రయాణంలో సముద్రం పెట్టుకుని ఏళ్ళ తరబడి చూడకపోవడం పాపమంది వదిన. ఒడ్డున నిలబడి తల మీద స్కార్ఫు తీసేసింది. "జుట్టున్న రోజుల్లో తలకి ఇంత చల్లగా ఎప్పుడూ గాలి తగల్లేదే, మీరంతా ఏం పోగొట్టుకుంటున్నారో మీకు తెలీదు" అంది. అన్నయ్య అందరి చెప్పులూ ఒకచోట పేర్చి కాపలా నిలబడ్డాడు. "ఏవండీ, చెప్పుల్ని సముద్రం ఎత్తుకుపోదు, రండి" అని కేకేసింది. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పరీక్ష హాల్లోకి వచ్చినట్టు వచ్చాడు. మంచి అల ఒకటి వచ్చింది. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకునే కూలబడ్డారు. అన్నయ్య పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు మా నాన్న నవ్వులా ఉంటుందని నాకు అన్నేళ్ళూ తెలియనే తెలియదు. చెప్పులు మాత్రం నిజంగానే ఒక జత కొట్టుకుపోయాయి, అవి నావి.

మందు కోర్సు అయిపోయాక ఏడాది బాగానే ఉంది. జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి రింగులు తిరిగి. అప్పుడూ ప్రయాణాలు ఆపలేదు. పోయిన వానల తర్వాత జబ్బు తిరిగొచ్చింది. ఈసారి కాలేయంలో. కొత్త మందు వేశారు, అది పని చెయ్యలేదు. డాక్టరుగారు చెప్పాల్సింది దాచకుండా చెప్పాడు. వదిన ఇంటికే వెళ్దామంది.

అప్పుడు మళ్ళీ అందరూ వచ్చారు. కానీ ఎవరూ బ్రెడ్డు తేలేదు. క్యారేజీలు తెచ్చారు. గుమ్మంలో గొంతు తగ్గించకుండా, మంచం మీదే కూర్చుని, ఎవరి కోడలు ఏమందో, ఏ పాస్టరు ప్రసంగంలో ఎవరు నిద్రపోయారో చెప్పి నవ్వించారు. సైన్సు టీచరమ్మ అన్నయ్యతో గళ్ళ దగ్గర పోట్లాడింది. పెద్దమ్మ ఆటోలో పడుతూ లేస్తూ గిన్నె పట్టుకొచ్చింది. తినే ఓపిక వదినకి లేదు. మూత తీయించుకుని వాసన చూసి, "ఉప్పు తక్కువైంది పెద్దత్తయ్యా" అంది. పెద్దమ్మకి అది మాత్రం స్పష్టంగా వినపడింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వదిన నిద్రపోతుంటే అన్నయ్యని అడిగాను, ఆ మర్చిపోయిన వస్తువుల సంగతి నీకు తెలుసా అని.

"కళ్ళజోడు పెట్టె నేను జేబులో పెట్టుకోవడం నాకు గుర్తుందిగా. మొదటిసారే తెలుసు."

"మరి తెలిసీ ఎందుకెళ్ళావు?"

"వెళ్ళకపోతే ఈసారి నన్నే మర్చిపోయి వస్తుందని," అని వదిన దుప్పటి సరిచేశాడు.

ఆవిడ పోయాక చర్చివాళ్ళు ఇంట్లో ప్రార్థన పెట్టి ఆదరణ కూడిక జరిపారు, అందరూ వచ్చారు, వెళ్ళారు. కూతురు వారం రోజులుండి, నాన్నని తనతో రమ్మని బతిమాలింది. ఆయన తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత వదిన భయపడ్డదే జరిగింది. అన్నయ్య తలుపేసుకున్నాడు. నేను తీసుకెళ్ళిన క్యారేజీ సగం అలాగే ఉండేది. చర్చికి వెళ్ళి, ప్రార్థన అయీ అవ్వకముందే వచ్చేసేవాడు. ఫోన్ మోగితే మోగనిచ్చేవాడు. అంత అవస్థ పడి ఒళ్ళు హూనం చేసుకుని ఆ పిచ్చి మనిషి తిరిగిందంతా దేనికీ కాకుండా పోయిందని, నా ఇంట్లో నేను ఏడ్చాను. ఎండలు ముదిరాయి. కాయలు కోతకొచ్చాయి.

పోయిన వారం పొద్దున్నే ఇడ్లీలు పట్టుకుని వెళ్తే ఇంటికి తాళం. ఫోన్ లోపల మోగుతోంది. ఎదురింటివాళ్ళకి తెలియదు. ఖమ్మానికి చేశాను, అక్కడికి రాలేదు. పెద్దమ్మ ఇంటికి చేశాను, విస్సన్నపేటకి చేశాను, లేడు. రాకూడని ఆలోచనలన్నీ వచ్చాయి. వినగడపకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. షేరాటో ఎక్కి కూర్చున్నాను. ఇడ్లీల డబ్బా ఒళ్ళోనే ఉంది.

వినగడపలో వాకిట్లోకి వెళ్ళేసరికి వదిన తమ్ముడి భార్య ఎదురొచ్చింది. నా మొహం చూసి కంగారుపడి, "అన్నయ్యగారు ఇక్కడే ఉన్నారు వదినగారూ. మొదటి బస్సుకే దిగారు. దిగుతూనే, ఏం వండుతున్నావమ్మా అని అడిగారు" అంది. చెప్పడం పూర్తికాకుండానే ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పంచలో ఆవకాయకి కాయలు కొడుతున్నారు. బామ్మర్ది కత్తిపీట ముందు కూర్చుని టెంకతో సహా టకటకా నరికి పోస్తున్నాడు. చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యలో చాప మీద మా అన్నయ్య. చొక్కా విప్పి బనీనుతో, ఒళ్ళో పాత గుడ్డ పరుచుకుని, ఒక్కో ముక్కలో జీడి తీసి, పొర గీకి, తుడిచి గంపలో వేస్తున్నాడు. కళ్ళద్దాల మీదంతా మామిడి సొన చుక్కలు. ఎవరో ఏదో అన్నారు, ఆయన తలెత్తకుండానే ఏదో జవాబిచ్చాడు, అందరూ గొల్లుమన్నారు. నన్ను చూశాడు. "రావే" అన్నాడు. చాప మీద కొంచెం పక్కకి జరిగి, ఒక చేత్తో నాకు చోటు చూపిస్తూ, ఇంకో చేత్తో ఒక ముక్క నోట్లో వేసుకుని, పులుపుకి ఒక కన్ను గట్టిగా మూసుకున్నాడు.